అరవయ్యో కవరు

మందుల గది ఆవిడ మొదటి కవరు అంచు చింపి, లోపలి చీటీ మడత విప్పి, జారిన కళ్ళజోడు వెనక్కి తోసుకుని, "ఒకటో నంబరు, ఉప్పునీళ్ళు" అని చదివింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు, ఎందుకు హమ్మయ్యో వాళ్ళకే తెలియదు, ఏడాదిన్నరగా బిగబట్టిన ఊపిరి ఎక్కడో ఒకచోట వదలాలి కదా, మొదటి కవరు దగ్గరే వదిలేశారు. ఫైళ్ళ పెట్టె పక్కన కూర్చున్న డాక్టరమ్మ, ఇక్కడందరూ ఎలకలమ్మ అనే ఆవిడ, మాత్రం వదల్లేదు. తన పని తాను చేసింది. పక్కనున్న పెట్టెలోంచి ఒకటో నంబరు ఫైలు తీసి, మొదటి నెల కాగితంలో ఒంట్లో కండ ఎంతుందో, ఆరో నెల కాగితంలో ఎంతుందో చూసి, తేడా పైకి చదివింది, "పావు కిలో తక్కువ" అని. లెక్కలాయన కంప్యూటర్లో కొట్టుకున్నాడు. ఇలా అరవై సార్లు చదవాలి. అరవై మంది పెద్దవాళ్ళు ఆరేసి నెలలపాటు రోజూ పొట్ట మీద చర్మం కింద సూది పొడుచుకున్నారు. అందులో ముప్ఫై మందికి పెరుగుదల హార్మోను, అంటే పసివాళ్ళని పెద్దవాళ్ళని చేసి, ఆ తరవాత చెప్పాపెట్టకుండా ఏటికేడాది తగ్గిపోయేది. మిగతా ముప్ఫై మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఒకే సీసా, ఒకే మూత, ఒకే చీటీ. ఎవరికి ఏది వెళ్ళిందో పొడుచుకున్నవాళ్ళకీ తెలియదు, ఇచ్చినవాళ్ళకీ తెలియదు, తెలిస్తే ఆశకొద్దీ కళ్ళు లేనిది చూస్తాయని అలా పెట్టారు. తెలిసింది ఈ కవర్లకే. ఇన్నాళ్ళూ ఇనప బీరువాలో ఉన్నవి ఇవాళ పొద్దున పదిన్నరకి బల్ల మీదికొచ్చాయి. పోయిన హార్మోను తిరిగి పోస్తే ముసలితనం ఒక్క అడుగైనా వెనక్కి వేస్తుందా లేదా అన్నది భోజనాల వేళకి తేలిపోతుంది.

అరవయ్యో నంబరు ఎలకలమ్మ సొంత అక్క. ఆ సంగతి ఈ గదిలో ఒక్కరికీ తెలియదు. అక్క పోయి ఏడు వారాలైంది, అది మాత్రం అందరికీ తెలుసు, నంబరుగా తెలుసు. "అరవై పోయారటండీ, ఆ కుట్టుపని చేసే ఆవిడ, పాపం, భలే సరదాగా ఉండేవారు" అని నర్సు చెబితే పెద్ద డాక్టరుగారు కలం మూత పెడుతూ "అయ్యో, సూదులన్నీ అయిపోయాకేగా?" అని అడిగారు, అయిపోయాకే అని తెలిసి కాసేపు తల వంచుకుని, తరవాతి మాటలోకి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవాడు కాడు. ఎలకలమ్మ ఇదే కుర్చీలో తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది. దగ్గర బంధువు ఒకరు పోయారని రెండు రోజులు సెలవు పెట్టి అప్పుడే వచ్చింది, ఎవరండీ అని ఎవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో దారిలో నేర్చుకున్న అబద్ధం నాలుక మీదే ఉండిపోయింది. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందంటారు, ఇక్కడ పోవలసిన ప్రాణం ఎప్పుడో పోయింది, ఇంక మిగిలింది మానమే, దాన్ని పట్టుకుని ఏడు వారాలు బతికింది. "నాలుగు, మందు" అంది మందుల గది ఆవిడ. "ముప్పావు కిలో ఎక్కువ" అంది ఎలకలమ్మ. తన గొంతు తనకే బాగానే ఉందనిపించింది. అరవయ్యో కవరులో మందు అని ఉంటే అక్కని తన చేత్తో సూదులిచ్చి పంపించింది తను. నీళ్ళు అని ఉంటే, అది ఇంకా తల్చుకోకూడదు, ఇంకా యాభై ఆరు కవర్లున్నాయి.

గోడకున్న తెల్ల బోర్డు మీద నర్సు రెండు వరసలు గీసింది, మందు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు, కవరుకో నిలువు గీత. ఎలకలమ్మ కావాలని బోర్డుకి వీపు పెట్టి కూర్చుంది. గీతలంటే ఆమెకి మొదటినుంచీ భయమే. చిన్నప్పుడు ప్రతి నెలా మొదటి తారీకున అక్క ఆమెని వంటింటి తలుపుకి ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం పెట్టి, కుట్టుసుద్దతో గీత గీసేది. అమ్మ పోయినప్పుడు చెల్లికి అయిదేళ్ళు, అక్కకి పద్దెనిమిది, గుమ్మంలో కుట్టుమిషనుకి నూనె వేసుకుంటూ అక్కే అమ్మ అయిపోయింది. నెలనెలా గీత మీదే గీత పడేది. అక్క టేపు మెడలో వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని తలుపుని తేరిపార చూసి, "ఈ నెల కూడా నువ్వు పెరగలేదే ఎలకా, తలుపే పెరిగినట్టుంది" అనేది. ఆ పేరు అలా వచ్చింది. బళ్ళో ఏడిపిస్తే ఏడ్చుకుంటూ వస్తే, "పొట్టివాళ్ళు గట్టివాళ్ళే, వాళ్ళకేం తెలుసు, పొడుగువాళ్ళ బుర్ర పైనెక్కడో గాలికి ఊగుతుంటుంది" అనేది తనేమో గుమ్మం తగిలేంత పొడుగుండి. ఎందుకు పెరగలేదో తెలుసుకోవాలని చదువుకుంది చెల్లి, అదీ అసలు సంగతి. పెద్ద పెద్ద కారణాలు తరవాత అర్జీల్లో రాసుకుంది.

"పదకొండు, నీళ్ళు." "అర కిలో తక్కువ." పద్దెనిమిదేళ్ళు ఎలుకల గదిలో పనిచేసి వచ్చింది కాబట్టి ఇక్కడా ఎలకలమ్మే అయింది, చిన్ననాటి పేరు ఎవరూ చెప్పకుండానే వెతుక్కుంటూ వచ్చేసింది. ఆ ఎలుకలకి పుట్టుకతోనే పెరుగుదల హార్మోను లేదు. మామూలు ఎలుకలో సగం ఉంటాయి, టీ కప్పులో పెడితే ఒదిగి కూర్చుంటాయి. మామూలుది రెండున్నరేళ్ళకి బొచ్చు రాలి, కళ్ళు తెల్లబడి పోతే, ఇవి మూడున్నర, ఒక్కోటి నాలుగేళ్ళు కూడా ఉండి, అప్పటికీ చక్రం మీద పరిగెడుతూనే ఉంటాయి. హార్మోను ఎక్కువ పోసి పెద్దవాటిని చేసినవి ఏడాదికే డస్సిపోయేవి. ఒకసారి అక్క వచ్చి అద్దాల పెట్టె దగ్గర వంగి, "అచ్చు నీలాగే ఉన్నాయే" అంది. "ఇవి ఎక్కువ రోజులు బతుకుతాయక్కా" అంటే కాసేపు వాటినే చూసి, "అయితే నువ్వు నన్ను సాగనంపాకే వస్తావన్నమాట, మంచిదే, లేకపోతే నీకు కోట్లు ఎవరు కుడతారో అని దిగులుగా ఉండేది" అంది. మాటకి మాట, నవ్వుకి నవ్వు. ఇప్పుడు ఒంటి మీదున్న తెల్లకోటు కూడా అక్క కుట్టిందే, బజారులో దొరికే కోట్లన్నీ ఆమెకి మోకాళ్ళ కిందికి జారతాయి, చేతులు మడతపెట్టుకోవాలి. దీని చేతులు మణికట్టు దగ్గర సరిగ్గా ఆగుతాయి. జేబు లోపల ఇంకో చిన్న జేబు కూడా పెట్టింది, ఏదైనా చిన్న వస్తువు వేసుకుంటావని. అందులో ఇప్పుడు ఒక ఇత్తడి తొడుగు ఉంది, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునేది. ఏడు వారాలుగా అక్కడే ఉంది.

అరవయ్యో మనిషి దొరకలేదు, అక్కడ మొదలైంది ఇదంతా. యాభై తొమ్మిది మంది చేరారు, ఆ తరవాత రెండు నెలలు ఒక్కరూ రాలేదు, నెలాఖరులోగా లెక్క నిండకపోతే మొత్తం ఆపేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రం అక్క కొట్టులో స్టూలు మీద కూర్చుని ఈ గోడు చెప్పుకుంటుంటే అక్క దారం పళ్ళతో కొరికి, "ఒక్కరేగా, నేను లేనూ?" అంది. నువ్వు పనికిరావక్కా, పనిచేసేవాళ్ళకి రక్తసంబంధం ఉండకూడదు అంటే, "ఆ రక్తం సంగతి మనం చెప్పకపోతే దానికేం తెలుసు?" అంది. అక్క ఇంటిపేరు పెళ్ళితో మారింది, బావ పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు, వయసు డెబ్భై, అన్నీ కుదిరాయి, కుదరకూడనివి కూడా కుదిరాయి. "నా ఎలుకలు వేరే మాట చెబుతున్నాయక్కా, నాకు భయంగా ఉంది." "నేను ఎలకనా ఏంటే? ఎలకవి నువ్వు." అంతే. వద్దని ఇంకోసారి అని ఉండాల్సింది. ఇంకోసారి అనలేదు. ఎందుకంటే అక్క చెయ్యి వణకడం మొదలై, కత్తెర పట్టుకుంటే బొటనవేలు జారిపోవడం తను చూసింది, ఈ మందుకి ఆ చెయ్యి నిలబడుతుందేమోనని లోపల ఎక్కడో ఆశ పుట్టింది, ఆశ పుట్టాక ఎలుకల మాట ఎవరు వింటారు. కాగితం మీద మొదటి ప్రశ్నే అది, ఇక్కడ పనిచేసేవారితో మీకు బంధుత్వం ఉందా అని. అక్క గుండ్రటి అక్షరాలతో లేదు అని రాసి, దాన్నే చూస్తూ, "భలేగా ఉందే, ఒక్క ముక్కతో నీకూ నాకూ తెగతెంపులు అయిపోయాయి" అంది.

"ఇరవై రెండు, మందు." "కిలోంబావు ఎక్కువ." పెద్ద డాక్టరుగారు సంతోషం పట్టలేక బల్ల మీద వేళ్ళతో తాళం వేశారు. టీలు వచ్చాయి. ఎలకలమ్మ తన కప్పు ఫైళ్ళకి దూరంగా జరిపింది, కాగితం మీద చుక్క పడకూడదు. అక్క నెలకోసారి వచ్చేది, ఇదే వరండాలో ఆ చివర్నుంచి నడుచుకుంటూ, సంచీ గుండెకి హత్తుకుని, ముఖం గంభీరంగా పెట్టుకుని, నటన అంటే ఇంత ఇష్టమని డెబ్భై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. "నమస్కారమండీ డాక్టరమ్మగారూ! బాగున్నారా? ఇంట్లో అందరూ కులాసానా? మీకు ఒక అక్కగారున్నారని విన్నాను, ఆవిడ కులాసానా?" నర్సు అక్కడే ఉండేది. ఎలకలమ్మ నవ్వు బుగ్గల్లో నొక్కి పెట్టుకుని, ఫైలులో తల దూర్చి, "కులాసానేనండీ, కూర్చోండి" అనేది. "ఆవిడని బాగా చూసుకోండి, అక్కలు దొరకరు" అని అరవయ్యో నంబరు కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకునేది. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. పరాయివాళ్ళలా ఉండటం మొదట్లో ఆటగా ఉండేది, రాను రాను అలవాటైంది, అలవాటు ఎప్పుడు నిజమైందో తెలియలేదు, పరాయి మనిషిని చూసినట్టు తలెత్తకుండా చూడటం నేర్చుకుంది కన్నతల్లి లాంటి మనిషిని.

మూడో నెల అక్క ఆ ఇత్తడి తొడుగు సంచీలోంచి తీసింది. వేళ్ళు సన్నబడి అయిదారేళ్ళుగా అది వదులైపోయి, లోపల న్యూసుపేపరు ముక్క మడిచి పెట్టుకుంటేగాని నిలిచేది కాదు. ఆ రోజు కాగితం లేదు. తొడుక్కుని, వేలు తలకిందులు చేసి చూపించింది, జారలేదు. "వేలు కండ పట్టిందండీ డాక్టరమ్మగారూ. వాపు చూసి బలుపనుకునేరు, ఇది బలుపే!" ఇద్దరూ నవ్వారు, నర్సు కూడా నవ్వింది. తరవాత ఎలకలమ్మ అక్కని కండ కొలిచే యంత్రం ఎక్కించింది. పాదాల కింద రెండు పలకలు, చేతుల్లో రెండు పిడులు, తెలిసీ తెలియనంత కరెంటు ఒంట్లోంచి పారుతుంది. అది తేలిగ్గా పారితే కండ అంటుంది, కష్టంగా పారితే కొవ్వు అంటుంది, ఆ యంత్రానికి అంతకుమించి బుద్ధి లేదు. నీళ్ళలోంచి కూడా కరెంటు తేలిగ్గానే పారుతుంది, ఒంట్లో నీరు చేరినా అది కండే అంటుంది. ఈ మాట ఎవరికి తెలియకపోయినా ఎలకలమ్మకి తెలుసు, ఏటా కొత్తగా వచ్చేవాళ్ళకి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేది తనే. కిలోన్నర ఎక్కువ చూపించింది. ఆమె గుండె గంతులు వేసింది. అక్కకి మందే పడింది. ఇనప బీరువాలో ఉన్న కవరు చింపకుండానే చదివేసింది ఆమె ఆ రోజు. కళ్ళు లేనిది చూస్తాయని కదా ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నది, ఇన్ని ఏర్పాట్లూ ఒక్క ఇత్తడి తొడుగు ముందు నిలవలేదు.

"ముప్ఫై నాలుగు, నీళ్ళు." "తేడా లేదు." హార్మోను పడినవాళ్ళకి మొదటి నెలల్లో కాస్త ఒళ్ళు నీరు పట్టడం, ఉంగరాలు బిగుసుకోవడం ఉంటుంది, పుస్తకాల్లోనే ఉంది. అందుకే ప్రతి నెల కాగితంలోనూ వాపు అని ఒక గడి. ఉంది అని రెండుసార్లు వరసగా రాస్తే మోతాదు సగానికి తగ్గించాలి, పెద్ద డాక్టరుగారు పిలిచి చూడాలి. అక్కకి ఆ సంగతి తెలుసు, ఈ నోటితో తనే చెప్పింది. నర్సు అటు తిరగగానే డాక్టరమ్మగారూ పోయింది, గారు పోయింది, బల్ల మీదికి వంగి గుసగుసగా, "రాయకే, ఎలకా. సగం చేసేస్తారు. చెయ్యి ఇప్పుడిప్పుడే మాట వింటోంది" అంది. ఎలకలమ్మ లేదు అని రాసింది. నాలుగో నెల రాసింది. అయిదో నెల చెప్పుల పట్టీలు పాదాల మీద లోతుగా గాట్లు పెట్టాయి, అక్క చీలమండ మీద వేలితో నొక్కి, పడిన గుంట ఎంతకీ లేవకపోతే "పిండిముద్దలా ఉంది చూడవే" అని నవ్వింది, అప్పుడూ లేదు అనే రాసింది. ఆరో నెల అక్క చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, చెయ్యే రాసేసింది.

మెట్లు ఒకటి, అవి కూడా గుర్తు రాకుండా ఉంటే బాగుండు. అయిదో నెలలోనే, మొదటి అంతస్తు మలుపులో అక్క నోటీసు బోర్డు ముందు నిలబడి ఉంది, ఎంతసేపటికీ కదలదు, పైనుంచి చూసి దిగి వెళ్ళి ఏంటండీ అంటే, "నోటీసులు చదువుతున్నానండీ, మీ ఆసుపత్రిలో ఎన్ని విశేషాలో" అంది, పెదవులు కాస్త నీలంగా ఉన్నాయి, కళ్ళజోడు సంచీలోనే ఉంది. కళ్ళజోడు లేకుండా అక్క సూదిలో దారం కూడా ఎక్కించలేదు, నోటీసు ఎలా చదువుతుంది. చూసింది, చూసి కూడా నర్సు వస్తోందని పక్కకి తప్పుకుని, "నెమ్మదిగా రండి" అని ముందు వెళ్ళిపోయింది. చెయ్యి పట్టుకోలేదు. పరాయివాళ్ళ చెయ్యి అయినా పట్టుకుంటారు మెట్ల మీద ఎవరైనా, సొంత అక్క అయినందుకు పట్టుకోలేదు. ఆ ఆదివారం ఫోనులో అక్క, "రెండు దిండ్లు వేసుకుంటేగాని నిద్ర పట్టడం లేదే" అంది. మెడ పట్టేసిందా అంటే, "మెడ కాదే, ఊపిరికి ఎత్తు కావాలిట, ముసల్ది గారాలు పోతోంది" అంది. అప్పుడు తను అన్న మాట ఇప్పుడు ఈ గదిలో, ఈ టీ కప్పుల మధ్య, ముప్ఫై ఎనిమిదికీ ముప్ఫై తొమ్మిదికీ మధ్య, ఎవరో పక్కనుంచి అంటున్నంత స్పష్టంగా వినబడుతోంది. "మందు పడుతోంది కదక్కా, ఒళ్ళు నీరు పడుతుందిలే, నెల తిరిగేసరికి సర్దుకుంటుంది." మందు పడుతోంది కదక్కా. ఎవరు చెప్పారు నీకు?

చివరి సూది అయ్యాక పెద్ద డాక్టరుగారు అందరినీ స్వయంగా పరీక్ష చెయ్యాలి. ఆయన ఊళ్ళో లేరు, పదో రోజుకి రమ్మన్నారు. తొమ్మిదో రోజు పొద్దున అక్క కొట్టు తెరిచి, బళ్ళో పిల్లల చొక్కా ఒకటి మిషను మీద పెట్టి, ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి సగం కుట్టి, దాని మీదే తల వాల్చింది. పక్క కొట్టు ఆవిడ ఫోను చేసింది. ఆసుపత్రికి, ఇది కాదు, వేరే ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్కడి కుర్ర డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "గుండె నీరసించి నెలల తరబడి ఒళ్ళంతా నీరు చేరిందండీ. నీరు లాగే మాత్ర వేసినా తేరుకునేవారు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నాడు. పక్క కొట్టు ఆవిడ కళ్ళొత్తుకుంటూ ఇత్తడి తొడుగు చేతిలో పెట్టింది, "వేలికి పట్టేసిందండీ, సబ్బు రాసి లాగితేగాని రాలేదు" అని. ఇంట్లో ఎవరూ గమనించలేదా. గమనించారు బాబూ, నెలనెలా గమనించారు, కొలిచారు, కిలోల్లో రాసుకున్నారు, సంతోషపడ్డారు.

"నలభై ఏడు, మందు." ఫైలు తీసింది, చదివింది. "యాభై, నీళ్ళు." చదివింది. ఏం కోరుకోవాలో తెలియక ఏడు వారాలు పొర్లింది, పెట్టెలో ఫైళ్ళు తరిగేకొద్దీ సిగ్గులేని కోరిక ఒకటి తలెత్తుతోంది. మందు అని రావాలి. దేవుడా, మందు అనే రావాలి. మందయితే నీరసంగా ఉన్న గుండె మీద మందు బరువు పడింది, దానికి తనతోపాటు మందు తయారుచేసినవాళ్ళూ, పెద్ద డాక్టరుగారూ, ఈ గదీ, ఈ యంత్రమూ అందరూ తలో చెయ్యి వేసినట్టే, పాపం పంచుకోవచ్చు. మందయితే తను చూసింది తప్పు కాదు, ఒళ్ళు నీరు పట్టింది మందు వల్లే, ఆశ అబద్ధమాడలేదు. నీళ్ళయితే ఆరు నెలలు అక్క తన కళ్ళ ముందు మునిగిపోతుంటే, గట్టు మీద నిలబడి ఎంత లోతుందో కొలుచుకుంటూ కూర్చుంది తను ఒక్కతే. కన్నకూతురిలా పెంచిన మనిషికి ఇంత కంటే అన్యాయం పగవాడు కూడా చెయ్యడు. చొక్కా కుట్టేటప్పుడు తప్పు పడితే అక్క కుట్టు విప్పేసి, సూది కన్నాలు కూడా కనబడకుండా తడిచేత్తో రుద్ది, "ఇప్పుడు దీనికి తప్పే తెలియదు" అనేది. ఇక్కడి పద్ధతి అది కాదు. ఇక్కడ కాగితం మీద తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు, కాగితం మార్చకూడదు. తప్పు మాట మీద ఒక్కటే అడ్డగీత, కింద ఏముందో చదవడానికి వచ్చేలా, పక్కన సరైన మాట, పొడి సంతకం, తారీకు. కొత్తగా వచ్చే ప్రతి నర్సుకీ ఎలకలమ్మే నేర్పేది, తప్పు కనబడుతూ ఉండాలమ్మా, అది మన నిజాయితీ అని. నిజాయితీ అనేది.

"యాభై తొమ్మిది, మందు" అంది మందుల గది ఆవిడ. "కిలో ఎక్కువ." నర్సు గీత గీసింది. లెక్కలాయన కుర్చీలో వెనక్కి వాలి, ఒళ్ళు విరుచుకుని, బోర్డు వైపు చూసి, "ఇంక ఆఖరిది చింపక్కర్లేదండీ. మందు ముప్ఫయ్యీ అయిపోయాయి, ఇంక మిగిలింది నీళ్ళేగా" అన్నాడు, వేలెడంత పని తప్పిన సంతోషంతో. అంతే. అలా తేలిపోయింది. ఎంతో చప్పుడు అవుతుందనుకుంది, టీ కప్పు కింద పెట్టిన చప్పుడు కూడా కాలేదు. ఆ కవరు అప్పుడూ చింపకుండానే చదివారు, ఇప్పుడూ చింపకుండానే చదివారు, తను చదివింది తప్పు, ఆయన చదివింది ఒప్పు. అక్క ఒంట్లోకి ఆరు నెలలూ వెళ్ళింది ఉత్త ఉప్పునీళ్ళు. ఒంట్లో చేరింది మందు నీరు కాదు, గుండె నీరు. చెయ్యి ఇప్పుడిప్పుడే మాట వింటోందే అని మురిసింది అక్క, ఉప్పునీళ్ళకి మురిసింది, లేకపోతే చెల్లెలు మురుస్తోందని మురిసింది, ఏదో ఇంక అడగడానికి లేదు.

"చింపండి" అంది ఎలకలమ్మ. అందరూ ఆమె వైపు చూశారు. మందుల గది ఆవిడ చింపింది, మడత విప్పింది, "అరవై, ఉప్పునీళ్ళు" అని మెల్లగా చదివింది.

ఎలకలమ్మ పెట్టెలో మిగిలిన ఒక్క ఫైలూ తీసింది. "రెండుంబావు కిలోలు ఎక్కువ."

"ఎంత?" అన్నారు పెద్ద డాక్టరుగారు. మందు పడిన ముప్ఫై మందిలో కూడా అంత పెరిగినవాళ్ళు లేరు. ఆయన నవ్వేశారు. "ఉప్పునీళ్ళకి రెండుంబావు కిలోల కండా? వాపు చూసి బలుపు అనుకున్నట్టుంది మన యంత్రం. వాపు గడిలో ఏముందో చూడండి."

"లేదని ఉంది సార్. ఆరు నెలల్లోనూ."

"మరి అదెలాగ?"

"అది కండ కాదు సార్, నీరు. లేదని రాసింది నేను." ఎలకలమ్మ కోటు జేబులోంచి కలం తీసింది, వేళ్ళకి ఇత్తడి తొడుగు చల్లగా తగిలింది. ఫైలు మొదటి కాగితం తిప్పింది. బంధుత్వం ఉందా అన్న ప్రశ్న కింద గుండ్రటి అక్షరాలు, అక్క చేతిరాత ఈ కాగితం మీద ఇదొక్కటే, దాని మీద గీత గియ్యడానికి చెయ్యి రాలేదు. తరవాత కింద అక్షరాలు చదవడానికి వచ్చేలా ఒక్క అడ్డగీత గీసింది. పక్కన అక్క అని రాసి, పొడి సంతకం పెట్టి, తారీకు వేసింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నారు పెద్ద డాక్టరుగారు, ఈసారి నవ్వకుండా.

"అరవయ్యో నంబరు మా అక్క సార్" అంది. ఆ రెండు మాటలూ ఈ గదిలో మొదటిసారి కలిసి బయటికి వచ్చాయి, మా అక్క అని. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆమెకి వరండాలో నమస్కారాలు గుర్తొచ్చి ఉంటాయి. మీ అక్కగారు కులాసానా అని నెలకోసారి ఆరుసార్లు అడిగింది మనిషి, ఎదురుగా నిలబడి అడిగింది, ఆరుసార్లూ తలెత్తి చూడకుండానే కులాసా అని చెప్పింది తను. కళ్ళు మసకబారితే కోటు చేతితో తుడుచుకుంది, కాగితం మీద చుక్క పడకూడదు. మూడో నెల కాగితం తీసింది. వాపు గడిలో లేదు మీద గీత గీసి, ఉంది అని రాసి, సంతకం పెట్టి, తారీకు వేసింది. ఇంకా మూడు కాగితాలున్నాయి.